ట్రస్టా, కంపెనీయా అని అడిగారు కదా... ముందు డబ్బు ఎక్కడ కారిపోతోందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. ముగ్గురు స్నేహితులు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ 12 లక్షలు పక్కన పెట్టారు. మన వైపు పేదరికం తగ్గేలా ఏదైనా చెయ్యాలని ఉంది, ఆడవాళ్ళకి కుట్టు మిషన్ల ట్రైనింగ్ సెంటర్ అనుకుంటున్నారు. దానికి ట్రస్టు రిజిస్టర్ చేయించాలా, సోషల్ ఎంటర్‌ప్రైజ్ (సమాజానికి మేలు చేస్తూ తన ఖర్చు తనే రాబట్టుకునే వ్యాపారం) అని కంపెనీ పెట్టాలా, ఉద్యోగం మానేసి వచ్చెయ్యాలా అని అడుగుతున్నారు.

ఇప్పుడే ఏదీ రిజిస్టర్ చేయించకండి. కుట్టు మిషన్లు అసలు వద్దు. రెండు మూడు పల్లెలు ఎంచుకుని, అక్కడి పేద ఇళ్ళల్లోకి వచ్చిన డబ్బు మళ్ళీ ఎటు కారిపోతోందో ముందు చూడండి. కొత్త ఆదాయం పుట్టించడం చాలా కష్టం, ఖర్చు ఎక్కువ, అందులో సగం మన చేతుల్లో ఉండదు. కారేదాన్ని ఆపడం అంతకంటే తేలిక. చిల్లు కుండలో ఎన్ని బిందెలు పోసినా అంతే కదా. ఆ చిల్లు పూడ్చినందుకు ఆ ఇంటివాళ్ళే నాలుగు రూపాయలు ఇచ్చేట్టయితే అక్కడ చిన్న వ్యాపారం నిలబడుతుంది. ఇచ్చే స్తోమత లేని చోట, లేదా హక్కుగా రావాల్సినదాన్ని ఇప్పించడానికి, దానం డబ్బే పెట్టాలి. ట్రస్టా కంపెనీయా అన్నది అప్పుడు దానంతట అదే తేలిపోతుంది.

నేనెవరంటే, వెలుగు (ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం) రోజుల్లో సీసీగా, అంటే సంఘాలని చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటరుగా మొదలుపెట్టి నెల్లూరు మెట్ట మండలాల్లో, కనిగిరి వైపు పొదుపు సంఘాలతో చాలా ఏళ్ళు తిరిగాను. తర్వాత ఒక చిన్న సొసైటీలో గొర్రెల పెంపకందార్లతో పనిచేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. డెల్టా సంగతి, అంటే కోవూరు, అల్లూరు వైపు సంగతి నాకు తక్కువ. రొయ్యల గుంటల మీద పనిచేసే యానాదుల (ఇక్కడి గిరిజన తెగ) విషయంలో మాత్రం కొంత తిరిగాను, అది కింద రాస్తాను.

కుట్టు మిషన్లు ఎందుకు వద్దన్నానంటే, మన జిల్లాలో ఏ మండలానికి వెళ్ళినా ఇప్పటికే ఎవరో ఒకరు ట్రైనింగ్ ఇచ్చి ఉంటారు. కార్పొరేషన్ వాళ్ళో, ఏదో ట్రస్టు వాళ్ళో, ఎమ్మెల్యే పుట్టినరోజుకి ఎవరో. ఒకసారి మీ ఊళ్ళోనే అడిగి చూడండి, ఎన్ని ఇళ్ళల్లో మిషను మీద బట్టలు మడతపెట్టి పెట్టుకున్నారో. రెండు వందల గడప ఉన్న ఊళ్ళో జాకెట్లు, ఫాల్స్, పిల్లల గౌన్లు కలిపినా ముగ్గురు నలుగురు టైలర్లకి సరిపడా పని ఉంటుంది. మీరు ముప్పై మందికి నేర్పిస్తే ఏమవుతుంది? అంతకుముందు కుట్టుకుని బతుకుతున్న ఆ ముగ్గురి కూలి కూడా పడిపోతుంది. స్కూల్ యూనిఫాంల లాంటి ఆర్డరు రాతపూర్వకంగా చేతిలో ఉంటే అప్పుడు మిషన్లు కొనండి, నేను కాదనను. ఆర్డరు ముందు, మిషను తర్వాత.

ఉదయగిరి చెక్క చెంచాలు మీకు తెలిసే ఉంటాయి, మీకు దగ్గరే. ఆ పనితనం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే ప్రభుత్వ ముద్ర) కూడా ఉంది. వాళ్ళకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వనక్కర్లేదు, తరాలుగా చేతిలో ఉన్న విద్య. అయినా చెంచాలు చెక్కే ఆడవాళ్ళు బాగుపడిపోయారా? కర్ర దొరకాలి, ఆర్డరు ఏడాది పొడవునా రావాలి, వచ్చిన ఆర్డరు డబ్బు సకాలంలో చేతికి అందాలి. మన వైపు పేదవాళ్ళలో ఎక్కువమంది పని రాక పేదవాళ్ళు కాలేదు, ఈ మాట గుర్తుపెట్టుకుంటే ట్రైనింగ్ సెంటర్ల మీద మోజు కొంత తగ్గుతుంది.

ఇక కారిపోవడం సంగతి. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, మీ కలిగిరి మండలం దూబగుంటలోనే దీనికి రుజువు ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1992లో రోశమ్మ లాంటివాళ్ళు సారా దుకాణాల మీదికి వెళ్ళారు, వేలంపాటలు అడ్డుకున్నారు, అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి రెండేళ్ళకి ఎత్తేశారనుకోండి, అది వేరే కథ. ఇక్కడ గమనించాల్సిందేంటంటే వాళ్ళు కూలి పెంచమని అడగలేదు, సబ్సిడీ అడగలేదు. మగవాడి కూలి ఇంటికి చేరకుండా దారిలో ఎక్కడ ఆగిపోతోందో అక్కడ పట్టుకున్నారు. అదే ఊపులో జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలై పొదుపులక్ష్మి సంఘాలయ్యాయి. దేశంలో నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) సంఘాలకి బ్యాంకు అప్పులిప్పించే లింకేజీ పైలట్‌గా మొదలుపెట్టింది కూడా 1992లోనే, 500 సంఘాలతో. ఇప్పుడు ఏ ఊరికెళ్ళినా ఈ సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య ఉన్నాయంటే దాని వెనక ఇంత ఉంది. అందుకే కొత్తగా మీరు సంఘాలు పెట్టకండి. ఉన్నవాటి దగ్గరికి వెళ్ళండి.

అప్పు విషయంలో మాత్రం జాగ్రత్త. మీలాంటి కుర్రాళ్ళు వచ్చి మొదట అడిగేది "తక్కువ వడ్డీకి అప్పులిద్దామా" అని. వద్దు. డ్వాక్రా సంఘాలకి బ్యాంకు అప్పు ఉంది, 2011 నుంచి సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధి ఉంది, పావలా వడ్డీ, సున్నా వడ్డీ అని ప్రభుత్వాలు ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నాయి. అప్పు దొరకని సమస్య కాదు మనది. 2010లో ఏం జరిగిందో చూశాం కదా. ఒకే ఇంటికి నాలుగు కంపెనీలు అప్పులిచ్చి, వారం వారం వాయిదాకి గుమ్మం ముందు కూర్చుని, ఆత్మహత్యల దాకా వెళ్ళింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారం వసూళ్ళు ఆపించాల్సి వచ్చింది. పేదరికం తగ్గించడానికి పుట్టిందన్న మైక్రోఫైనాన్సే ఒక కొత్త చిల్లు అయిపోయింది. హైదరాబాద్ బస్తీల్లో ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో బృందం 104 బస్తీల మీద చేసిన అధ్యయనం కూడా ఉంది. అప్పు వల్ల కొందరు చిన్న వ్యాపారాల్లో కాస్త ఎక్కువ పెట్టుబడి పెట్టారు గానీ ఇంటి ఖర్చు స్థాయి, ఆడవాళ్ళ మాట చెల్లుబాటు చెప్పుకోదగ్గట్టు మారలేదని తేలింది.

కానీ డైలీ ఫైనాన్స్ చిల్లు మాత్రం నిజం, అది చాలా పెద్దది. టిఫిన్ బండి, కూరగాయల తట్ట, చేపల గంప పెట్టుకున్నవాళ్ళని అడగండి. పది వేలు అప్పంటే 1,500 ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి నూటికి పదిహేను అన్నట్టుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి లెక్క వేస్తే ఏడాదికి నూటికి నూరు దాటిపోతుంది. ఆ బండి మనిషి రోజుకి నాలుగైదు వందలు మిగుల్చుకుంటే అందులో వంద అక్కడే పోతోంది, అది తీరగానే మళ్ళీ అదే అప్పు. సంఘంలో ఆవిడ పేరు మీద పొదుపు ఉండి కూడా ఇక్కడ తెస్తోంది. ఎందుకని? సంఘం అప్పు ఏడాదికోసారి వస్తుంది, ఆవిడకి డబ్బు ఈ రోజు సాయంత్రం కావాలి. ఇక్కడ మీరు అప్పు ఇవ్వనక్కర్లేదు. సంఘం సొంత పొదుపులోంచే ఐదు వేల దాకా అదే రోజు తీసుకునేట్టు తీర్మానం రాయించి, పుస్తకం సరిగ్గా రాసే మనిషిని చూపిస్తే చాలు. మేం ప్రయత్నించిన చోట్ల కొన్నింట్లో బాగా నడిచింది, లీడరు మొండికేసిన చోట నడవలేదు. లీడరు అప్పులన్నీ తన వాళ్ళకే రాసుకుంటుంటే బయటివాళ్ళు ఏమీ చెయ్యలేరు, అక్కడ టైం వేస్టు చేసుకోకండి.

ఇప్పుడు వ్యాపారంగా నిలబడే చిల్లు ఒకటి చెప్తాను, నాకు బాగా తెలిసింది, గొర్రెలు. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, అటు పామూరు, కనిగిరి దాకా భూమి లేనివాళ్ళకి, ఒంటరి ఆడవాళ్ళకి గొర్రెలే బ్యాంకు. నెల్లూరు జాతి గొర్రె దేశంలోనే పొడుగు గొర్రె, జోడిపి, పల్ల, బ్రౌన్ అని మూడు రకాలు. మరి వాటిని పెంచేవాళ్ళు ఎందుకు బాగుపడరు? రెండు చోట్ల కారిపోతుంది.

మొదటిది చావులు. తొలకరి పడి లేత గడ్డి మొలవగానే చిటుకు రోగం వస్తుంది. రాత్రి బాగున్న పిల్ల తెల్లారేసరికి కాళ్ళు చాపేసి ఉంటుంది, అదీ మందలో అన్నిటికంటే బాగా మేసి బలిసిన పిల్లే ముందు పోతుంది. టీకా ఉంది. వానలకి ముందే వేస్తే ఆగుతుంది. పశువుల ఆస్పత్రిలో టీకా మందు ఉచితంగానే ఇస్తారు. ఉండనిదల్లా, ఆ మందుని ఐస్ పెట్టెలో పెట్టుకుని, మంద మేతకి కదలకముందే తెల్లవారుజామున దొడ్డి దగ్గరికి చేరే మనిషి. ఆస్పత్రిలో డాక్టరు ఒకరే ఉంటారు, ఆయనకి ఎన్నో ఊళ్ళు. మేం ఊరికో అమ్మాయిని తీసుకుని డాక్టరు గారి దగ్గరే నేర్పించి, ఐస్ పెట్టె, సిరంజీలు, నట్టల మందు తాగించే గొట్టం ఇచ్చాం. గొర్రెకి రెండు రూపాయలు తీసుకోమన్నాం. మా కమిటీలో పెద్ద గొడవ, "పేదవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోవడమేంటి" అని. కానీ పొద్దున్నే రెండు వందల గొర్రెలకి వేస్తే ఆ అమ్మాయికి నాలుగు వందలు వస్తాయి, కాబట్టి మళ్ళీ వారం కూడా వస్తుంది. గొర్రెలవాళ్ళు కూడా డబ్బిచ్చారు కాబట్టి "నువ్వు మొన్న ఆ చివరి నాలుగింటికి వెయ్యలేదమ్మాయ్" అని నిలదీస్తారు. ఉచిత క్యాంపుకి వచ్చినవాళ్ళని ఎవరు నిలదీస్తారు?

రెండోది అమ్మకం. వ్యాపారి వచ్చి పొట్టేలు నడుం మీద చెయ్యి వేసి ఒత్తి చూసి, "ఇరవై కిలోలు కూడా తూగదు" అని కంటితోనే ధర కట్టేస్తాడు. ఇంట్లో ఫీజు కట్టాలనో, జ్వరమనో అవసరం పడ్డప్పుడే అమ్ముతారు కాబట్టి బేరం ఆడే ఓపిక ఉండదు. మేం చేసిందల్లా ఒక వేలాడే కాటా కొని గ్రామ సమాఖ్య ఆఫీసు వసారాలో దూలానికి కట్టించడం, పాత గోనెపట్టాతో ఉయ్యాల లాంటిది కుట్టించడం. వ్యాపారి ఇరవై అన్న పొట్టేలు ఉయ్యాలలో వేలాడుతూ ముల్లు ఇరవై ఆరు దగ్గర ఆగితే, అక్కడ నిలబడ్డ ఆడవాళ్ళందరూ ఒక్కసారి అతని మొహం చూశారు. ఇంక అతను కంటితో ధర కట్టలేదు. వేరే ఊరికి వెళ్ళాడు లెండి కొన్నాళ్ళు, తర్వాత మళ్ళీ వచ్చాడు, ఎక్కడికి పోతాడు. కాటా ఖరీదు మీ బెంగళూరులో ఒక వారాంతం ఖర్చు కూడా ఉండదు. ఇందులో వ్యాపారిని తిట్టాల్సిన పని లేదు, అతనికీ రవాణా, చావులు, సంతలో బాకీలు ఉంటాయి. ఎవరి బరువు ఎంతో తెలిశాక బేరం సమానంగా జరుగుతుంది, అంతే.

ఇలాంటివి చూస్తే మీకు సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటే ఏంటో తేలికగా అర్థమవుతుంది. అరవింద్ కంటి ఆస్పత్రి అందరూ ఉదాహరణగా చెప్తారు. డాక్టర్ వెంకటస్వామి గారు రిటైరయ్యాక 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టారు, కట్టగలిగినవాళ్ళు కట్టిన డబ్బుతో కట్టలేనివాళ్ళకి ఉచితంగా చేస్తారు. గొప్ప పని. కానీ అది రోజుకి వందల ఆపరేషన్లు జరిగితే నడిచే లెక్క, మూడు పల్లెల్లో కుదరదు. మీ స్థాయికి కాటా, ఐస్ పెట్టె సరిపోతాయి.

నీళ్ళ ప్లాంటు పెట్టమని మీకు తప్పకుండా ఎవరో సలహా ఇస్తారు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ బాధ మీకు చెప్పక్కర్లేదు, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం ఉంటే అంతకంటే చాలా ఎక్కువ ఉన్న బోర్లు బోలెడు. కాచి తాగితే పోతుందని ఇప్పటికీ కొందరు అనుకుంటారు, పోదు, కాచితే నీళ్ళు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి అవసరం నిజమే. కానీ దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించి, రిబ్బన్ కత్తిరించి, తర్వాత తాళం పడ్డ ప్లాంట్లు ఎన్ని చూశానో. కారణం ఒకటే, మెంబ్రేన్ (నీళ్ళు వడకట్టే పొర) పోయిన రోజు దాన్ని మార్చే డబ్బు ఎవరిదో ముందు రాసుకోలేదు. ఎన్టీఆర్ సుజల పథకంలో 20 లీటర్లు రెండు రూపాయలన్నారు. ఆ ధరకి కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం, మెంబ్రేన్ అన్నీ వస్తాయో లేదో ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. మీరు ప్లాంటు పెట్టేట్టయితే క్యాను ధరలోంచి నెలనెలా రిపేరు కోసమని వేరే ఖాతాలో వేసే ఏర్పాటు ఉంటేనే పెట్టండి. లేదంటే ఆ డబ్బుతో మూతబడ్డదాన్ని ఒకదాన్ని తెరిపించండి, పుణ్యం, ఖర్చు సగం. ఫొటో మాత్రం బాగా రాదు.

ఇక దానం డబ్బే పెట్టాల్సిన చోటు. నా మటుకు నేను 12 లక్షల్లో పెద్ద భాగం ఇక్కడే పెడతాను. యానాదుల గురించి వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ళు జీవితాంతం పనిచేసిన జిల్లా ఇది. కొన్ని తెగలని పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం 1952లో పోయింది. అయినా ఇవాళ్టికీ రొయ్యల గుంటల మీద, కాలవ గట్ల మీద ఉండే కుటుంబాల్లో సరైన కాగితాలు లేనివాళ్ళు దొరుకుతారు. పిల్ల పుట్టిన నమోదు ఉండదు, కాబట్టి ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు, కాబట్టి బళ్ళో చిక్కు, కుల ధ్రువీకరణ దగ్గర ఇంకో చిక్కు. తల్లి పేరు ఒకచోట పోలమ్మ, ఇంకోచోట పోలేరమ్మ. ఫోన్ నంబరు మారిపోయి ఓటీపీ ఎవరికో వెళ్తుంది. పుట్టుక నమోదు ఏడాది దాటితే ఆర్డీవో దాకా వెళ్ళాలి. సచివాలయానికి ఒకసారి, మీసేవకి ఒకసారి, మండలాఫీసుకి ఒకసారి, వెళ్ళిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది, "సర్వర్ డౌన్, రేపు రా" అంటారు. రేషన్, పింఛను, హాస్టల్ సీటు, ఇంటి స్థలం ఇవన్నీ ఆ కాగితం వెనకే ఆగిపోయి ఉంటాయి. పింఛను ఒక్కటి వచ్చినా ఆ ఇంటికి ఏ ట్రైనింగ్ సెంటరూ ఇవ్వలేనంత తేడా వస్తుంది.

ఈ పనికి వాళ్ళ దగ్గర డబ్బు తీసుకునే "సోషల్ బిజినెస్" ఆలోచనలు కొందరు చెప్తుంటారు. వద్దు. అలా డబ్బు తీసుకునేవాళ్ళు ఇప్పటికే ఊళ్ళో ఉన్నారు, వాళ్ళని బ్రోకర్లంటారు. మీరు చెయ్యాల్సింది ఆ కాలనీలోనే కాస్త చదువుకున్న ఒకరికి జీతం ఇచ్చి, రోజూ ఎవరో ఒకరిని వెంటపెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళేట్టు చూడటం. ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఇంకో మాట, గుంటల మీద అడ్వాన్సు తీసుకున్న కుటుంబం "బాకీ తీరేదాకా కదలడానికి లేదు" అని చెప్తే అది మామూలు అప్పు అనుకోకండి. 1976 చట్టం ప్రకారం వెట్టి నేరం, ఆ బాకీ చెల్లదు. అప్పుడు మీరు నేరుగా గుంట యజమానితో గొడవకి దిగొద్దు, అది చివరికి ఆ కుటుంబం మీదికే వస్తుంది. ఆర్డీవోకి రాతపూర్వకంగా ఇవ్వండి, విడుదల పత్రం కోసం పట్టుబట్టండి. అది లేకుండా బయటికి తీసుకొస్తే పునరావాస సాయం అందదు, నెల తిరక్కుండా ఇంకో గుంట మీద తేలతారు.

"అయితే ప్రతి ఇంటికీ రెండు గేదెలు కొనిస్తే సరిపోదా" అని మీ స్నేహితుల్లో ఒకరు అంటారు చూడండి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో అతి పేదల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఒక ఆస్తి, కొన్నాళ్ళు తిండి ఖర్చు, పొదుపు, వారం వారం ఇంటికొచ్చి మాట్లాడే మనిషి, అన్నీ కలిపి ఇస్తారు. ఆరు దేశాల్లో పరీక్షిస్తే ఫలితం నిలిచిందని 2015లో తేలింది, అందులో మన దేశం నుంచి పశ్చిమ బెంగాల్ కూడా ఉంది. కానీ దాదాపు అదే పద్ధతిని మెదక్ జిల్లాలో పెడితే చెప్పుకోదగ్గ నికర లాభం కనిపించలేదు. కారణం ఆలోచించదగ్గది. అప్పుడక్కడ కూలి రేట్లు పెరుగుతున్నాయి. పశువు తీసుకున్నవాళ్ళు దాన్ని చూసుకోవడానికి కూలికి వెళ్ళడం తగ్గించారు, ఇటు పెరిగింది అటు పోయింది. కాబట్టి మీ పల్లెలో కూలి దొరుకుతోందా, పశువుని చూసుకునే మనిషి ఇంట్లో ఖాళీగా ఉన్నారా, మేత ఉందా అన్నది చూడకుండా గేదెలు కొనిపెట్టకండి. మెట్టలో ఎండాకాలం గడ్డి మోపు ధర తెలుసుకుంటే సగం ఉత్సాహం పోతుంది.

రిజిస్ట్రేషన్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎలాగూ ఆడిటర్ చెప్తాడు. మన దేశంలో సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని వేరే చట్టం లేదు. సొసైటీ అయితే 2001 నాటి మన రాష్ట్ర చట్టం కింద ఏడుగురు సభ్యులు కావాలి. కంపెనీల చట్టం కింద సెక్షన్ 8 కంపెనీ అయితే లాభం పంచుకోవడానికి లేదు, కాగితాల పని ఎక్కువ, కానీ బయటివాళ్ళు కాస్త నమ్ముతారు. ట్రస్టు అన్నిటికంటే తేలిక, అందుకే ఊరికి నాలుగు ఉన్నాయి. సంస్థకి పన్ను మినహాయింపు కోసం 12ఏ అని పిలిచే రిజిస్ట్రేషను, దాతలకి పన్ను తగ్గింపు కోసం 80జీ అని పిలిచేది తీసుకోవాలి, మొదట మూడేళ్ళకి తాత్కాలికంగా ఇస్తారు. ఒక చిన్న విషయం చాలామందికి తెలియదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి 80జీ మినహాయింపు రాదు. మీ ఆఫీసు స్నేహితుల్లో ఎక్కువమంది కొత్త విధానంలోనే ఉంటారు, కాబట్టి "80జీ ఉంది, ఇవ్వండి" అంటే పెద్ద ఉపయోగం ఉండదు. విదేశీ డబ్బు గురించి ఇప్పుడు మర్చిపోండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) రావాలంటే మూడేళ్ళ పని, అందులో 15 లక్షల ఖర్చు చూపించాలి. సీఎస్ఆర్ అంటే పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలన్న నియమం. కృష్ణపట్నం వైపు కంపెనీలు ఉన్నాయి కదా అని చాలామంది అటే పరిగెడతారు. అక్కడ కూడా పాత పని చూపించనిదే ఎవరూ పట్టించుకోరు. గొర్రెలవాళ్ళో రైతులో కలిసి తామే అమ్ముకునే దశకి వస్తే, అప్పుడు వాళ్ళ పేరు మీద 1995 చట్టం కింద మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార) సొసైటీ గానీ, ప్రొడ్యూసర్ కంపెనీ గానీ పెట్టించండి. అది వాళ్ళదై ఉండాలి, డైరెక్టర్లుగా మీ ముగ్గురి పేర్లు కాదు.

డబ్బులో పెద్ద వాటా మనిషికి ఇవ్వండి, వస్తువుకి కాదు. ఇది చెప్తే దాతలు మొహం చిట్లిస్తారు, "జీతాలకే పోతోందా" అని. ఊళ్ళో ఇంటింటికీ తిరిగే మంచి మనిషికి నెలకి 15 వేలు ఇస్తే రెండేళ్ళకి 3 లక్షల 60 వేలు. సేవ కదా అని ఆరు వేలిచ్చి పెట్టుకుంటే మూడో నెలలో ఏదో ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ళకి చేరిపోతారు, మీరు నేర్పించిన పరిచయాలన్నీ అక్కడ ఉపయోగపడతాయి. నేను చూసినంతలో పాత వీవోఏలు (గ్రామ సమాఖ్య సహాయకులు), యానిమేటర్లుగా చేసిన ఆడవాళ్ళు ఈ పనికి బాగా సరిపోతారు. పుస్తకం రాయడం వచ్చు, ఎవరింట్లో ఏముందో తెలుసు, మండలాఫీసులో ఎవరి టేబుల్ దగ్గర నిలబడాలో కూడా తెలుసు. పార్టీ మనిషి కాకుండా చూసుకోండి, లేదా రెండు పార్టీలవాళ్ళూ పని చేయించుకునే మనిషిని చూసుకోండి. మెట్టలో ఇది చాలా ముఖ్యం. మీరు ఎవరింట్లో భోంచేశారన్నది కూడా లెక్కలోకి వస్తుంది తమ్ముడూ.

ఉద్యోగం మానొద్దు. ముగ్గురూ వంతులేసుకుని నెలకోసారి రండి, వచ్చినప్పుడు మీ మనిషి రాసిన పుస్తకం పట్టుకుని అందులో ఏవో నాలుగు పేర్లు మీరే ఎంచుకుని ఆ ఇళ్ళకి వెళ్ళి అడగండి. వానలకి ముందు మొదలుపెట్టే ఉద్దేశం ఉంటే చిటుకు టీకా పనితోనే మొదలుపెట్టండి, మే నెలాఖరులోపు పశువుల డాక్టరు గారిని కలిసి ఎన్ని డోసులు వస్తాయో కనుక్కోండి. ఏ ఊళ్ళు అనుకుంటున్నారో కింద రాస్తే, ఆ మండల సమాఖ్యలో ఎవరితో మాట్లాడితే పనవుతుందో నాకు తెలిసినంతలో చెప్తాను.